బానెట్ ఎత్తితే మాయమయ్యే జబ్బు

అసలే పనిచేయని ఏసీ అంటే మెకానిక్కుకు భయం ఉండదు. ఎక్కడో ఏదో పోయింది, వెతికితే దొరుకుతుంది. ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా పోయి, తీరా మన షాపు ముందు నిలబెట్టేసరికి బుద్ధిమంతుడిలా చల్లగాలి కొట్టే ఏసీ ఉంది చూడండి, దానికి భయపడాలి.

ప్రొద్దుటూరులో సగం జీవితం కార్ల ఏసీల కింద దూరి, మోకాళ్ళు మొరాయించాక పని మానుకున్నాను. ఇప్పుడు ఈ పని చేస్తున్న కుర్రవాళ్ళు సాయంత్రాలు వచ్చి కూర్చుంటారు. "పెద్దాయనా, నీ సర్వీసులో శానా కష్టమైన బండి యాది?" అని అడుగుతారు. ఏ పెద్ద కారు పేరో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది మాత్రం ఒక చిన్న తెల్లకారు సంగతి. రాష్ట్రం విడిపోయిన తర్వాత వచ్చిన ఒక ఎండాకాలంలో జరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ నోరు ఎండిపోతుంది.

నా షాపు పక్కన బండ్ల కరెంటు పని చేసే భాయ్ ఉండేవాడు. నా వయసువాడే. ఇద్దరం ఒకే ఫ్లాస్కులో టీ తాగేవాళ్ళం, ఒకే బండి మీద రెండు రకాలుగా పోట్లాడుకునేవాళ్ళం. ఏసీ ఆగిందంటే నేను గ్యాసు అంటాను, ఆయన వైరింగు అంటాడు. ఎవరి మాట నెగ్గితే వాళ్ళు ఆ పూటంతా మీసం తిప్పుకుంటూ తిరగడం. అదొక సరదా మాకు.

ఆ తెల్లకారు తోలుకుని వచ్చింది ఒక టీచరమ్మ. పులివెందులలో సర్కారు బడిలో పని. భర్త తుమ్మలపల్లె గనిలో షిఫ్టుల మీద పోతాడు. ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు. ఆ రెండు ఊర్ల మధ్య నెలకోసారైనా తిరుగుతుంది.

"అన్నా, ఏసీ ఒకతూరి వస్తాది, ఒకతూరి రాదు. ఎందుకో తెలీడంల్యా" అంది.

బానెట్ ఎత్తి గేజి పెట్టి చూశాను. గ్యాసు సరిగ్గా ఉంది. గాలి మంచులా వస్తోంది. ఇట్లాంటివాళ్ళను చాలామందిని చూశాను కాబట్టి నవ్వుతూ అన్నాను, "ఏం లేదమ్మా. మన ఎండలకు ఏ ఏసీ అయినా కాసేపు అలుస్తాది. కొంచెం ఓర్చుకోవాల."

ఆమె కోప్పడలేదు. వెనక తలుపు తెరిచి, "ఒకతూరి వీన్ని చూడన్నా" అంది.

ఆరేళ్ళ పిల్లవాడు. తలమీద వెంట్రుకలు పల్చగా, లేనట్టే ఉన్నాయి. నవ్వితే అక్కడొకటి ఇక్కడొకటి మొనదేలిన పళ్ళు. ఒంటిమీది బనీను తడిపి పిండినట్టుంది.

"వీనికి పుట్టుకతోనే చెమట పట్టదన్నా. ఆ గ్రంథులే లేవంట. మనకు ఎండలో చెమట పట్టి ఒళ్ళు చల్లబడతాది. వీనికి లోపలి వేడి లోపల్నే ఉండిపోతాది. జ్వరం మాదిరి ఎక్కి, ఫిట్సు వస్తాయి. రెండేండ్లప్పుడు ఒకతూరి వచ్చినాయి. అందుకే ఇట్ల ఒళ్ళు తడుపుతానే ఉంటా. వీనికి ఏసీ దర్జా గాదన్నా, మందు."

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చేతిలో ఉన్న స్పానరు బరువెక్కినట్టు అనిపించింది. అప్పటిదాకా నేను బాగుచేసింది జనం సుఖాన్ని. బాగు కాకపోతే తిట్టుకుంటారు, ఇంకో షాపుకు పోతారు. అంతకుమించి ఏమీ జరగదు. ఇక్కడ అట్లా కాదు.

బండిని ఉంచుకున్నాం. గ్యాసంతా తీసేసి, పైపులు ఎండగట్టి కొత్తగా ఎక్కించాను. లోపల మంచు కడుతోందేమోనని థర్మోస్టాటు మార్చాను. ముందరి జాలీ అంతా కడిగాను. భాయ్ తన వంతుగా ఏసీకి కరెంటు అందించే రిలే మార్చి, వైర్లన్నీ వేలితో తడిమి తడిమి చూశాడు. ఇద్దరం దాన్ని జమ్మలమడుగు దాకా తోలుకుని పోయి వచ్చాం. మిట్టమధ్యాహ్నం ఎండలో పోతే నాకు జలుబు చేసింది, అంత చల్లగా పనిచేసింది.

"రిలేనే. నేను మొదటిరోజే చెప్పినా" అన్నాడు భాయ్.

"మంచు కట్టింది. నేను థర్మోస్టాటు మార్చినాక నీ రిలే పనిచేసింది" అన్నాను నేను.

బండి ఇచ్చేశాం. పదిరోజులు కాకముందే ఆమె ఫోను.

"అన్నా, వేములలో చుట్టాల ఇంటికి వచ్చినాం. ఊర్లో ఏదో ఊరేగింపు. బండి నిల్చి నిల్చి పోవాల్సి వచ్చె. ఆగిపాయెనన్నా ఏసీ. ఎవురింట్లోనో నీళ్ళ తొట్లో కూర్చోబెట్టినాం వీన్ని. ఇప్పుడు బాగనే ఉండాడు. మల్ల ఇప్పుడు చూస్తే ఏసీ గూడా బాగనే ఉండాది!"

ఆ మాటలో సగం జవాబు ఉంది. "నిల్చి నిల్చి" అంది ఆమె. నాకు పట్టలేదు. భయంలో ఉన్నవాడికి "తొట్టి" ఒకటే వినబడింది.

రెండోసారి వచ్చింది. మళ్ళీ చూశాం. మళ్ళీ ఏమీ దొరకలేదు. షాపులో గంటలకొద్దీ ఇంజను ఆన్ చేసి పెట్టాం, అది ఆగలేదు. రాత్రిళ్ళు ఆ పిల్లవాడి తడి బనీను కళ్ళముందు ఆడేది. ఫోను మోగితే ఆమేనేమోనని పని వదిలి పరుగెత్తేవాణ్ణి. భాయ్ కూడా అప్పటికి మీసం తిప్పడం మానేశాడు. "ఇది మన చేతిలో పని గాదప్పా, పెద్ద కంపెనీకి పంపిద్దాం" అన్నాడు ఒకరోజు. కంపెనీవాళ్ళు అప్పటికే ఒకసారి చూసి, ఏ లోపమూ లేదని పంపించారట. వాళ్ళనేమీ అనడానికి లేదు, మేమూ అదే చెప్పాం కదా.

చివరికి నాకు తోచింది ఒకటే. జబ్బు రోడ్డు మీద వస్తోంది, కాబట్టి రోడ్డు మీదే పట్టుకోవాలి. సెలవులకు పుట్టింట్లో ఉన్న ఆమె, పిల్లవాణ్ణి తీసుకుని జమ్మలమడుగు నుంచి పులివెందులకు తెల్లవారుజామున బయలుదేరుతుందని తెలిసి, "మేం గూడా వస్తామమ్మా, వెనకసీట్లో కూర్చుంటాం" అన్నాను. ఎప్పుడూ ఎండ పొడవకముందే ఇల్లు చేరడం ఆమె అలవాటు. చల్లటి వేళ కాబట్టి ఏసీ ఆగినా ప్రమాదం లేదు, ఆగితే పక్కనే మేమున్నాం. అంతా ఆలోచించే చేశాం.

బయలుదేరినప్పుడు ఆకాశం ఇంకా నీలంగా ఉంది. నేనూ పిల్లవాడూ వెనక, భాయ్ ముందు. ఏసీ గ్యాసును తోసే కంప్రెసర్ "టక్"మని అతుక్కునే చప్పుడు కోసం నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. పిల్లవాడు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

"తాతా, నీ సంచిలో ఏముండాయి?"

"స్పానర్లు నాయనా."

"అవి దేనికి?"

"మీ కారుకు సూది వేసేదానికి."

"కారు ఏడుస్తాదా?"

ముద్దనూరు దాటాం. ఏసీ చక్కగా పనిచేస్తోంది. కొండల మధ్య ఎక్కుడు రోడ్డులోకి వచ్చాక ఒక మలుపు దగ్గర ముందు బస్సు ఆగింది. మేమూ ఆగాం. మా వెనక లారీలు, జీపులు వచ్చి ఆగాయి. భాయ్ దిగి పోయి చూసి వచ్చాడు. నాపరాళ్ళ లారీ రోడ్డుకు అడ్డంగా పడిపోయింది. బండలు రోడ్డంతా పరుచుకున్నాయి. దేవుని దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. క్రేను కోసం మనిషిని పంపించారంట.

ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. వెనక్కి తిప్పుకునే జాగా లేదు. సెల్లుఫోన్లలో ఎవరికీ సిగ్నల్ లేదు.

మొదట్లో ఎవరం కంగారుపడలేదు. ఇంజను ఆన్‌లో ఉంది, చల్లగాలి వస్తోంది. కొండ మీదుగా ఎండ మెల్లగా దిగి ముందు బస్సు కప్పు మీదికి, తర్వాత మా బానెట్ మీదికి వచ్చింది. మా ఎండల సంగతి మీకు తెలిసిందే. పొద్దు కాస్త ఎక్కితే చాలు, బండలు పెనాల్లా కాలతాయి. గాలి స్తంభించిపోయింది. చెట్టాకు కదలలేదు.

అప్పుడు "టక్"మని కంప్రెసర్ విడిపోయింది. అది మామూలే. లోపల చల్లబడితే విడిపోతుంది, కాసేపటికి మళ్ళీ అతుక్కుంటుంది. నేను ఎదురుచూశాను. అతుక్కోలేదు. గాలి గోరువెచ్చనైంది. తర్వాత వేడెక్కింది.

టీచరమ్మ అద్దంలోంచి నా కళ్ళలోకి చూసింది. ముందుసీటు దిగి వెనక్కి వచ్చి, క్యానులోని నీళ్ళతో గుడ్డ తడిపి పిల్లవాడి తలమీద, వీపుమీద అద్దడం మొదలుపెట్టింది.

మేమిద్దరం దూకి బానెట్ ఎత్తాం. ఇన్నాళ్ళూ దాక్కున్న జబ్బు ఎదురుగా నిలబడి ఉంది. ఇంజను తిరిగినంతసేపూ కంప్రెసర్ ముందరి చక్రం బెల్టుతో తిరుగుతూనే ఉంటుంది. దాని ఎదుట ఒక ఇనుప ప్లేటు ఉంటుంది. లోపలి కాయిల్‌కు కరెంటు వస్తే అది అయస్కాంతమై ప్లేటును లాక్కుంటుంది. ప్లేటు అతుక్కుంటేనే కంప్రెసర్ తిరుగుతుంది, చల్లగాలి వస్తుంది. ఇప్పుడు చక్రం తిరుగుతోంది, ప్లేటు కదలకుండా నిలబడి ఉంది.

భాయ్ టెస్టు ల్యాంపు తీసి కాయిల్ వైరుకు తగిలించాడు. బల్బు వెలిగింది.

"కరెంటు వస్తాండాది" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. అంటే వైరింగు తప్పు కాదు. నేను గేజి చూశాను. గ్యాసు నిండుగా ఉంది. అంటే నేను పట్టుకుని వేలాడిందీ తప్పే. ఇన్ని రోజుల మా పోట్లాట ఆ కొండ మీద మట్టికొట్టుకుపోయింది.

వెనకనుంచి పిల్లవాడి మాటలు వినబడడం లేదు. తిరిగి చూశాను. అంతసేపూ గుక్క తిప్పుకోకుండా ప్రశ్నలు వేసినవాడు తల్లి ఒళ్ళో తల వాల్చి కళ్ళు సగం మూశాడు. ముఖం కందిపోయింది. పెదవులు పొడిగా ఉన్నాయి.

"నీళ్ళు అయిపోతాండాయన్నా" అంది ఆమె మెల్లగా. అరిచి ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

భాయ్ వెనక జీపు దగ్గరికి పరుగెత్తాడు. అందులో తెల్లబట్టల పెద్దమనిషి ఒకరు, వీరపునాయునిపల్లె వైపు రైతు. "నీళ్ళుంటే ఇయ్యండప్పా, పిల్లోడు ఏసీ లేక..." అని భాయ్ అంటుండగానే ఆయన అందుకున్నాడు.

"ఏసీ లేకుంటే సచ్చిపోతాడా ఏంది? మేమంతా ఎండల్లో పెరగలేదా? యాడి నుంచి వస్తార్రా మీరంతా?"

టీచరమ్మ కారులోనుంచే అంది, "మామా, ఈడికి వచ్చి చేయి పట్టి చూడు."

ఆయన వచ్చాడు. పిల్లవాడి చేయి పట్టుకున్నాడు. పొడిగా, పొయ్యిమీది రొట్టెలా కాలుతోంది ఆ చేయి. ఆయన ముఖంలో రంగు మారింది. వెనక్కి తిరిగి, బండ్ల వరస వెంబడి కేకలు వేసుకుంటూ పోయాడు. "నీళ్ళు తేండప్పా! ఎవురి దగ్గర ఉంటే వాళ్ళు బిన్నా తేండి! పిల్లోడు ఒళ్ళు కాలిపోతాండాడు!"

ఆ నీళ్ళు వచ్చేలోపల నేను ఆ ప్లేటునే చూస్తున్నాను. దానికీ చక్రానికీ మధ్య సందు కనబడుతోంది. ఉండాల్సినదానికన్నా ఎక్కువ సందు. ఏళ్ళ తరబడి అరిగి పెరిగిన సందు. అప్పుడు తట్టింది. కాయిల్ చల్లగా ఉన్నప్పుడు దానికి బలం ఉంటుంది, అంత దూరంనుంచీ ప్లేటును లాక్కుంటుంది. బండి నిలబడి, గాలి తగలక, ఇంజను సెగకు కాయిల్ కాగిపోతే బలం తగ్గుతుంది. లాక్కోలేదు. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు గాలి తగులుతుంది కాబట్టి పనిచేస్తుంది. షాపులో? షాపులో మేం మొదట చేసే పనే బానెట్ ఎత్తడం. ఎత్తి ఉంచినంతసేపూ అది అంతగా కాగేదే కాదు. జబ్బును పట్టుకోవడానికి తలుపు తీసి, ఆ తలుపులోనుంచే దాన్ని ప్రతిసారీ సాగనంపాం.

"అమ్మా, ఆ నీళ్ళు కొన్ని ఇయ్యి" అన్నాను.

ఆమె క్యానును రెండు చేతులతో పట్టుకుని నన్ను చూసింది. అందులో అడుగున కొంచెమే ఉన్నాయి.

"వీనికి ఇడిసిపెట్టి దానికి పోస్తావాన్నా?"

"దానికి పోస్తే వీనికి చల్లగాలి వస్తాదని అనుకుంటాండా."

"అనుకుంటాండావా?"

ఖాయంగా వస్తుందని అబద్ధం చెప్పలేకపోయాను. ఆమె పిల్లవాడి ముఖం చూసింది, క్యాను నా చేతికిచ్చింది. నేను నా పనిలో ఎన్నో బరువైనవి మోశాను. ఆ క్యానంత బరువైంది ఇంకొకటి లేదు.

కాయిల్ మీద ధారగా పోశాను. ఆవిరి లేచింది. బెల్టు కీచుమంది. ఏమీ జరగలేదు. భాయ్ పెదవులు కదులుతున్నాయి, ఏదో చదువుకుంటున్నాడు. చివరి గుక్కెడు కూడా పోశాను.

టక్.

ప్లేటు అతుక్కుంది. పైపులు చల్లబడ్డాయి. కారులోనుంచి ఆమె "వస్తాందన్నా! వస్తాంది!" అని అరిచింది. ఆ రోజు ఆమె గొంతు పైకి లేవడం అదే మొదటిసారి.

అయితే నాకు తెలుసు. అది మళ్ళీ విడిపోతుంది, వేడికి మళ్ళీ అతుక్కోదు. ప్రతిసారీ నీళ్ళు పోస్తూ ఎంతసేపని? ప్లేటు వెనక రెండు పల్చటి వాషర్లు ఉంటాయి. ఒకటి తీసేస్తే సందు తగ్గుతుంది, జబ్బు పోతుంది. అది చేయాలంటే ఇంజను ఆపాలి. అంటే వచ్చే ఆ కాస్త చల్లగాలినీ నా చేత్తో ఆపేయాలి. పని మధ్యలో ఏ వాషరో జారి లోయలో పడిందా, అంతే.

భాయ్‌తో చెప్పాను. భాయ్ ఆమెతో చెప్పాడు. ఈలోగా రైతు మామ బాటిళ్ళు, బిందెలు, ఒక లారీ డ్రైవరు నీళ్ళడబ్బా మోయించుకుని వచ్చాడు. ఆమె ఆ నీళ్ళను చూసి, "చెయ్యన్నా" అంది.

పిల్లవాణ్ణి బస్సు నీడ వైపు తీసుకుపోయారు. బస్సులోని ఆడవాళ్ళు దిగి చుట్టూ నిలబడ్డారు. ఒకామె ఒంటిమీద నీళ్ళు పోస్తుంటే ఇద్దరు తడికొంగులతో విసురుతున్నారు. నేను ఇంజను ఆపి లోపలికి చేయి పెట్టాను. చుట్టూ ఇనుమంతా నిప్పు. మోచేతి చర్మం కాలిన వాసన నాకే వచ్చింది. బోల్టు కదలనని మొండికేసింది. భాయ్ ప్లేటు తిరగకుండా స్క్రూడ్రైవరుతో అదిమి పట్టుకుంటే, నా బలమంతా వేశాను. వదిలింది. ప్లేటు ఊడి వచ్చింది.

వాషర్లు మాత్రం రాలేదు. పాత గ్రీజుకు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రెండూ తీసేస్తే ప్లేటు చక్రానికి రాసుకుని మొత్తం మాడిపోతుంది. ఒక్కటే రావాలి. నా గోరు దూరలేదు. "సన్నటిది ఏమన్నా ఇయ్యండి" అని అరిచాను. టీచరమ్మ పమిట దగ్గరి పిన్నీసు తీసి పరుగున వచ్చి ఇచ్చింది. దాని మొనతో మీటాను. ఒకటి లేచి నా అరచేతిలో పడింది. రెండోది జారబోయింది. భాయ్ చూపుడువేలు అడ్డం పెట్టి ఆపాడు. ఆ వేలు అక్కడే, కాలే ఇనుముకు ఆనుకుని, నేను ప్లేటు బిగించేదాకా కదలలేదు.

ఇంజను స్టార్ట్ చేశాం. టక్. చల్లగాలి వచ్చింది. పిల్లవాణ్ణి లోపల పడుకోబెట్టారు.

నేను బానెట్ దించి గట్టిగా మూసేశాను. "మూస్తావేందప్పా, వేడెక్కుతాది" అన్నాడు రైతు మామ. "వేడెక్కాల్నే" అన్నాను.

ఏసీ కాసేపు పనిచేసి, టక్‌మని విడిపోయింది. అందరం చప్పుడు లేకుండా నిలబడ్డాం. బస్సు వాళ్ళకు ఏం జరుగుతోందో తెలియదు, అయినా మా ముఖాలు చూసి వాళ్ళూ మాటలు ఆపేశారు. భాయ్ నా భుజం పట్టుకున్నాడు.

టక్.

మళ్ళీ విడిపోయింది. మళ్ళీ అతుక్కుంది. భాయ్ రోడ్డు మీదే కూలబడ్డాడు.

జనమే తలా ఒక చేయి వేసి బండలు పక్కకు దొర్లించి ఒక కారు పట్టేంత దారి చేశారు. మొదట మమ్మల్ని వదిలారు. రైతు మామ కిటికీలోనుంచి పిల్లవాడి చేయి మరోసారి పట్టి చూసి, బానెట్ మీద అరచేత్తో చరిచి పంపించాడు.

పులివెందులలో పిల్లవాణ్ణి ఎప్పుడూ చూసే డాక్టరు దగ్గరికే నేరుగా తీసుకుపోయాం. లోపల చాలాసేపు ఉంచుకున్నారు. మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. భాయ్ వేలు బొబ్బలెక్కింది. "గ్యాసూ గాదు, వైరింగూ గాదు. ఈ వాషరు నీ కిందికి వస్తాదా, నా కిందికి వస్తాదా?" అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు. ఒకవేళ నీళ్ళు పోసినా అతుక్కోకపోయి ఉంటే? ఆ వాషరు జారి ఉంటే? జరగనివన్నీ వరసగా కళ్ళముందు జరుగుతున్నాయి.

తలుపు తెరుచుకుంది. తల్లి చేయి పట్టుకుని పిల్లవాడు నడుచుకుంటూ వచ్చాడు. జ్వరం దిగింది, భయం లేదని డాక్టరు చెప్పాడంది ఆమె. ఆ మాట చెబుతూ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

పిల్లవాడు నా ముందుకు వచ్చి ఆగాడు. నా ముఖాన్ని చాలాసేపు చూశాడు. నుదుటినుంచి, చెవుల పక్కనుంచి చెమట ధారగా కారుతోంది, తుడుచుకోవాలని కూడా నాకు తోచలేదు.

"తాతా, నీకు శానా వస్తాండాది" అన్నాడు.

చేయి చాపి నా నుదుటి చెమటను అరచేతికి అంటించుకున్నాడు. దాన్ని తన బుగ్గకు పూసుకుని, "చల్లగ ఉందిమా" అన్నాడు తల్లితో.